సోఫోక్లీస్ ‘ఏజాక్స్’: తల వంచని వీరునికి న్యాయం ఎలా దక్కింది?

గౌతమీతీరం:

గ్రీకు విషాద నాటకాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చర్చలు ఈడిపస్ దగ్గరో యాంటిగొనీ దగ్గరో ఆగిపోతున్నాయి. ఈసారి సోఫోక్లీస్ రాసిన ‘ఏజాక్స్’ గురించి మాట్లాడుకుందామని నా కోరిక. ఆయన నూట ఇరవైకి పైగా నాటకాలు రాశాడని చెబుతారు గాని, పూర్తిగా మిగిలినవి 7 మాత్రమే. వాటిలో ఇది తొలినాళ్ల రచన అనీ, బహుశా క్రీ.పూ. 440ల నాటిదనీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

చదవని వారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ట్రాయ్ యుద్ధంలో అకిలీస్ చనిపోయాక అతని ఆయుధాలు ఎవరికి దక్కాలన్న ప్రశ్న వచ్చింది. గ్రీకు సేనలో అకిలీస్ తర్వాత అంతటి యోధుడు సలామిస్ ద్వీపపు రాజు టెలమాన్ కొడుకు ఏజాక్స్. ఆయుధాలు మాత్రం ఒడిస్సియస్‌కు దక్కాయి. ఆ అవమానం భరించలేక ఏజాక్స్ రాత్రివేళ కత్తి పట్టుకుని సేనానాయకులైన ఆగమెమ్నాన్, మెనెలాస్ సోదరులనూ ఒడిస్సియస్‌నూ చంపడానికి బయలుదేరాడు. ఎథీనా దేవత అతని బుద్ధిని మరల్చింది. శత్రువులనుకుని అతడు, సేన కొల్లగొట్టి తెచ్చిన పశువులనూ వాటి కాపరులనూ నరికాడు, కొన్ని పశువులను గుడారానికి ఈడ్చుకొచ్చి హింసించాడు. తెలివి వచ్చాక తాను చేసినదేమిటో చూసుకున్నాడు, కత్తి మీద పడి ప్రాణం తీసుకున్నాడు. అతని శవాన్ని పూడ్చనివ్వబోమని సోదరులిద్దరూ పట్టుబడితే, అందరికన్నా పెద్ద శత్రువైన ఒడిస్సియస్ వచ్చి ఖననానికి ఒప్పించాడు.

అహంకారం, దానికి శిక్ష, చివర కనువిప్పు అనే వరుసలో విషాద నాయకుడిని చదవడం మనకు అలవాటు. ఏజాక్స్ ఆ వరుసకు లొంగడు. అతనికి వినయం అబ్బలేదు, చివరి మాటల్లో కూడా తన శత్రువుల మీద ప్రతీకార దేవతలను పిలిచాడు. అయినా నాటకం అతనికి గౌరవంతో అంత్యక్రియలు జరిపించింది. ఈ నాటకంలో వినయం వీరునిది కాదనీ, అతని శత్రువుదనీ, ఆ శత్రువు వినయం వల్లనే గర్విష్ఠికి న్యాయం దక్కిందనీ నేను అనుకుంటున్నాను. మీ అభిప్రాయాలు చెప్పండి.

పాతపాఠం:

గౌతమీతీరం గారూ, మంచి నాటకాన్ని ఎంచుకున్నారు. అయితే ఏజాక్స్ గర్వాన్ని మీరు కొంచెం తేలిగ్గా దాటేశారని నాకనిపిస్తోంది. దూత వచ్చి జోస్యుడు కాల్కస్ మాటలను వినిపించే ఘట్టం (748వ పంక్తి నుంచి) మరోసారి చూడండి. ఇల్లు వదిలి యుద్ధానికి బయలుదేరే రోజున తండ్రి, ‘ఈటెతో గెలవాలనుకో, కాని ఎప్పుడూ దైవసహాయంతోనే గెలవాలనుకో’ అని హితవు చెప్పాడు. దానికి కొడుకు ఇచ్చిన జవాబు, ‘దేవతలు తోడుంటే అనామకుడు కూడా గెలుస్తాడు, వాళ్లు లేకుండానే ఆ కీర్తిని లాక్కుంటానని నాకు నమ్మకం ఉంది’ అని. మరోసారి ఎథీనా స్వయంగా పక్కన నిలిచి పురికొల్పుతుంటే, ‘నీవు వెళ్లి మిగిలిన గ్రీకుల దగ్గర నిలబడు, నేనున్న చోట శత్రువు మన వరుసను ఛేదించలేడు’ అని ఆమెను పంపేశాడు.

తండ్రి మాటను తోసిపుచ్చడం, దేవత చేతిని తోసిపుచ్చడం రెండూ ఒకే స్వభావం నుంచి వచ్చాయి. ఆరంభ దృశ్యం చివర ఎథీనా ఒడిస్సియస్‌తో చెప్పిన మాటలను కవి ఊరికే రాయలేదు. దేవతల పట్ల పొగరు మాట ఎన్నడూ ఆడవద్దు, భుజబలం వల్లనో సంపద వల్లనో ఒకరికన్నా ఎక్కువవాడివైనా విర్రవీగవద్దు, మనుషుల బతుకులను ఒక్క రోజే కూల్చగలదు, ఒక్క రోజే నిలబెట్టగలదు అని ఆమె చెప్పింది. శిక్షకు కారణం ఇంత స్పష్టంగా చెప్పిన నాటకాలు తక్కువ.

న్యాయదండం:

నేను వృత్తిరీత్యా న్యాయవాదిని కనుక నా దృష్టి ముందుగా ఆయుధాల తీర్పు మీదికి పోతుంది. ఆ తీర్పు ఎవరిచ్చారన్న విషయంలో గ్రీకు సంప్రదాయం ఒక్క మాట మీద లేదు. హోమర్ ఇతిహాసం ‘ఒడిస్సీ’ పదకొండో భాగంలో ట్రోజన్ల సంతానమూ ఎథీనా కలిసి తీర్పు చెప్పారని ఉంది. గ్రీకు కవి పిండార్ తన గీతాల్లో గ్రీకులు రహస్యంగా ఓట్లు వేసి ఒడిస్సియస్ వైపు మొగ్గారనీ, మాటకారితనం గెలిచి మౌనంగా ఉండే వీరుడు ఓడిపోయాడనీ బాధపడ్డాడు. సోఫోక్లీస్ నాటకంలో ఏజాక్స్ సవతి సోదరుడు ట్యూసర్, ఓట్లను దొంగతనంగా తారుమారు చేశావని మెనెలాస్‌ను ముఖం మీదే నిందిస్తాడు. మెనెలాస్ జవాబు, ఓడించింది న్యాయనిర్ణేతలే గాని నేను కాదని. నిజమేమిటో కవి తేల్చలేదు.

తేల్చకపోవడంలోనే బలముంది. తీర్పు సక్రమమే అయినా, ఓడినవాడికి అది సక్రమమని నమ్మకం కలగని చోట తీర్పు పని సగమే పూర్తవుతుంది. మరోవైపు, తీర్పు తప్పే అయినా ఏజాక్స్ చేయబోయింది నిద్రలో ఉన్న మనుషుల హత్య. పశువులతో పాటు కాపరులు నిజంగానే చనిపోయారు. ఆ కాపరుల గురించి నాటకంలో ఒకటి రెండు మాటలకు మించి లేదు, పాఠకులు కూడా వాళ్లను త్వరగా మరచిపోతారు. పాతపాఠం గారు చెప్పిన దైవదూషణ కన్నా ఈ నేరమే నాకు బరువైనదిగా కనిపిస్తుంది.

వేణుమాధవి:

కాపరులను గుర్తు చేసినందుకు న్యాయదండం గారికి కృతజ్ఞతలు. ఆ వరుసలోనే నేను టెక్మెస్సా గురించి మాట్లాడదలిచాను, ఎందుకంటే ఏజాక్స్ గర్వం ఎవరి మీద పడిందో ఆమె చెప్పినంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.

ఆమె ఫ్రిజియాలో సంపన్నుడైన, స్వతంత్రుడైన తండ్రికి పుట్టింది. ఏజాక్స్ ఆమె ఊరిని ఈటెతో నాశనం చేసి ఆమెను బందీగా తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆమెకు అతడు తప్ప దిక్కు లేదు, వారికి యూరిసేసీస్ అనే పసివాడున్నాడు. ఏజాక్స్ తన పరువు లెక్కలు వేసుకుంటూ, ‘ఉత్తమ వంశంలో పుట్టినవాడు గౌరవంగా బతకాలి, లేదా గౌరవంగా చావాలి’ అన్న ముగింపుకు రాగానే ఆమె నోరు విప్పింది. నువ్వు చనిపోయిన రోజునే నన్నూ నీ కొడుకునూ గ్రీకులు లాక్కుపోతారు, బానిస కూడు తింటాం, ఎవడో యజమాని నన్ను చూపించి ‘సేనలో అందరికన్నా బలశాలి అయిన ఏజాక్స్ పక్కన పడుకున్నది ఈమే, చూడండి ఈమె గతి’ అంటాడు, ఆ మాట నీ వంశానికే సిగ్గుచేటు అని చెప్పింది. అతనికి అర్థమయ్యే భాష పరువు భాష ఒక్కటే కనుక ఆమె ఆ భాషలోనే వాదించిందని గమనించండి. తరువాత ముసలి తల్లిదండ్రులను తలచుకోమంది. చివరగా, సుఖం పొందినవాడు దాన్ని గుర్తుపెట్టుకోవాలి, మేలు నుంచే మేలు పుడుతుంది, పొందిన మేలును మరచినవాడు ఉత్తముడు కాలేడు అంది.

ఉత్తముడంటే ఎవరు అన్న ప్రశ్నకు ఏజాక్స్ చెప్పినది ఒక జవాబు, బానిసగా వచ్చిన స్త్రీ చెప్పినది మరో జవాబు. నాటకం మొత్తంలో న్యాయం గురించి వచ్చిన వాదాలన్నిటిలోనూ నాకు ఇదే గట్టిదనిపిస్తుంది. అతడు ఆమె మాటకు జవాబివ్వకుండా కొడుకును తెమ్మన్నాడు. నెత్తుటి మరకల మధ్యకు పసివాణ్ణి తెప్పించుకుని, నా కొడుకైతే వీడు భయపడడన్నాడు. తండ్రి కన్నా అదృష్టవంతుడివి కా, మిగిలిన అన్నింటిలో తండ్రిలాగే ఉండు అని దీవించాడు. తనలో మార్చుకోవలసినదేదీ అతనికి కనబడలేదన్నమాట.

తుంగభద్ర:

వేణుమాధవి గారి మాటలు బాగున్నాయి, కాని అతనిలో ఏ కదలికా లేదనడం తొందరపాటు అవుతుంది. 646వ పంక్తి దగ్గర మొదలయ్యే ఏజాక్స్ ప్రసంగాన్ని దాటి ఈ నాటకం గురించి ఏ నిర్ణయానికీ రాలేం.

చస్తానని తెగేసి చెప్పి లోపలికి వెళ్లినవాడు కత్తి చేత పట్టుకుని బయటికి వచ్చి, పూర్తిగా వేరే గొంతుతో మాట్లాడతాడు. లెక్కకందని దీర్ఘకాలం దాగినవాటిని వెలికితెస్తుంది, వెలికివచ్చినవాటిని దాచేస్తుంది, జరగదనుకున్నది ఏదీ ఉండదు అంటూ మొదలుపెడతాడు. కరకుగా ఉండిన తన మాటకు ఈ స్త్రీ వల్ల పదును తగ్గిందనీ, ఆమెను విధవగా, బిడ్డను అనాథగా శత్రువుల మధ్య వదిలిపోవడానికి జాలి కలుగుతోందనీ అంటాడు. ఆ తరువాత వచ్చే పంక్తులు గ్రీకు నాటక సాహిత్యంలోనే అత్యంత సుందరమైనవని నా అభిప్రాయం. మంచు పరచిన శీతకాలం పంటలిచ్చే వేసవికి దారి ఇస్తుంది, చీకటి రాత్రి తెల్లగుర్రాల పగటికి తప్పుకుంటుంది, భీకరమైన గాలులు ఆగి మూలుగుతున్న సముద్రాన్ని నిద్రపుచ్చుతాయి, సర్వశక్తిగల నిద్ర కూడా తాను బంధించినవారిని విడిచిపెడుతుంది, అలాంటప్పుడు మనం మాత్రం ఒదిగి ఉండటం నేర్చుకోవద్దా అని అడుగుతాడు. శత్రువు రేపు మిత్రుడు కావచ్చునన్నంత మేరకే ద్వేషించాలి, మిత్రుడు ఎల్లకాలం ఉండడన్నంత మేరకే సాయం చేయాలి అంటాడు.

ఇదంతా విని టెక్మెస్సా నమ్మింది, సలామిస్ నావికుల బృందం ఆనందంతో గంతులు వేసింది. అతడు నేరుగా సముద్రతీరానికి వెళ్లి కత్తిని నేలలో నాటాడు. మరి ఆ ప్రసంగం కేవలం మోసమేనా? దీని మీద పండితులు తరాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. నేను మోసమని అనుకోను. అందులోని ఒక చిన్న విడ్డూరం చూడండి. ‘ఇకమీదట దేవతలకు లొంగడం, ఆట్రియస్ కొడుకులను పూజించడం నేర్చుకుంటాం’ అంటాడు (ఆట్రియస్ కొడుకులంటే ఆగమెమ్నాన్, మెనెలాస్ సోదరులే). మామూలుగా పూజ దేవతలకు, లొంగుబాటు రాజులకు ఉంటుంది, అతడు రెంటినీ తారుమారు చేశాడు. ఈ ప్రపంచంలో బతకాలంటే వినయం ఎలా ఉంటుందో అతనికి అక్షరాలా అర్థమైంది. అర్థమైన క్షణంలోనే అది తన నోటికి ఎంత చేదుగా ఉందో కూడా తెలిసింది. లోకం తీరు అది, లోకంలో తాను ఇమడడు, అందుకే వెళ్లిపోతాడు. తెలియక పడినవాడి విషాదం ఈడిపస్‌ది. ఏజాక్స్ అంతా తెలిసే పడ్డాడు.

పాతపాఠం:

తుంగభద్ర గారూ, ప్రసంగాన్ని మీరు చదివిన తీరును నేను ఆదరిస్తాను. అయితే ఋతువులు తప్పుకుంటున్నాయన్న సంగతి తెలిసీ తాను తప్పుకోనన్నవాడిని మనం ఏమనాలి? తెలియనివాడి గర్వం కన్నా తెలిసినవాడి గర్వం పెద్దది కాదా? అతని చివరి ప్రార్థనలోనూ ఆ పెద్దరికమే ఉంది. శవాన్ని ముందుగా ట్యూసర్ చూసేలా చేయమని దేవతల రాజు జ్యూస్‌ను కోరాడు, నొప్పి లేకుండా పంపమని ఆత్మలను పాతాళానికి నడిపించే దేవుడు హెర్మీస్‌ను కోరాడు, అంతవరకు బాగానే ఉంది. ఆపైన ప్రతీకార దేవతలను పిలిచి సోదరులిద్దరినీ నాశనం చేయమనడమే కాక, మొత్తం సేనను విడవకుండా తినివేయమన్నాడు. ఆ సేనలోని మామూలు సైనికుడు ఇతనికి చేసిన అపకారం ఏమిటి?

గౌతమీతీరం:

పాతపాఠం గారూ, ఆ శాపాన్ని నేను సమర్థించను. కాని శిక్ష గురించి మీరన్న మొదటి మాటకు రెండు అడ్డంకులున్నాయి.

మొదటిది, కాల్కస్ చెప్పిన గడువు. ఎథీనా కోపం ఈ ఒక్క రోజే వెంటాడుతుంది, ఈ రోజు గడిచేదాకా అతణ్ణి గుడారంలో ఉంచితే బతుకుతాడు అని జోస్యుడు చెప్పాడు. దైవధిక్కారానికి మరణమే శిక్ష అయితే ఒక పగలు తలుపు మూసి ఉంచితే తప్పిపోయే శిక్ష ఏమిటి? దేవత అతణ్ణి అవమానించింది, చంపలేదు. చావు అతని నిర్ణయం. రెండవది, ఆరంభ దృశ్యంలో ఎథీనాయే ‘ఇతని కన్నా ముందుచూపు గలవాడు, సమయానికి తగిన పని చేయగలవాడు ఎవరున్నారు’ అని ఒడిస్సియస్‌ను అడుగుతుంది. తాను కూల్చిన మనిషి మూర్ఖుడు కాడని ఆమెకే తెలుసు.

అక్కడ ఒడిస్సియస్ చెప్పిన జవాబు మీదనే నా వాదమంతా నిలబడి ఉంది. అంతకుముందు ఎథీనా, శత్రువును చూసి నవ్వడం కన్నా తీయని నవ్వు ఉందా అని అడిగింది. ఒడిస్సియస్ నవ్వలేదు. ‘శత్రువే అయినా ఇతని దురవస్థకు నాకు జాలి కలుగుతోంది. ఇతని గతితో పాటు నా గతీ నాకు కనిపిస్తోంది. బతికివున్న మనమందరమూ నీడలం, బరువు లేని ఛాయలం, అంతే’ అన్నాడు. ఎథీనా నీతిబోధ దాని తరువాత వచ్చింది. అంటే ఆమె చెప్పకముందే ఆమె చెప్పబోయేదాని కన్నా లోతైనది అతనికి తట్టింది. ఆమె బోధలో భయం ఉంది, అతని మాటలో తోటివాడి పట్ల ఆర్ద్రత ఉంది. వినయం భయం నుంచి కూడా పుడుతుంది, కాని అలా పుట్టినది ఇంకొకరికి న్యాయం చేయడానికి పనికిరాదని నా నమ్మకం.

అక్షరదీపం:

నేను ఎం.ఏ. విద్యార్థిని. ఈ నాటకాన్ని ఈమధ్యనే చదివాను. నా సందేహం నిర్మాణం గురించి. 1420 పంక్తుల నాటకంలో 865 దగ్గర నాయకుడు చనిపోయాడు. మిగిలిన 550 పంక్తులకు పైగా శవం చుట్టూ తగాదాయే. మెనెలాస్, ఆగమెమ్నాన్, ట్యూసర్ ఒకరి పుట్టుకను ఒకరు తిట్టుకునే ఈ భాగం మొదటి భాగం ముందు చాలా చిన్నగా అనిపించింది. నాటకం రెండు ముక్కలుగా విరిగిందన్న విమర్శను పెద్దలెలా చూస్తారు?

తుంగభద్ర:

చిన్నగా అనిపించాలనే కవి ఉద్దేశం, అక్షరదీపం గారూ. ఏజాక్స్ లేని లోకంలో మిగిలినవారి ఎత్తు ఎంతో మనకు కనబడాలి. మెనెలాస్ మాటలు చూడండి. చట్టాలు నిలబడాలంటే భయం ఉండాలని పాఠం చెప్పినవాడు, కాసేపటికే ‘ఇంతకుముందు వీడు మండిపడే అహంకారి, ఇప్పుడు గొప్పగా విర్రవీగే వంతు నాది’ అంటాడు. అహంకారాన్ని శిక్షిస్తున్నానన్న మనిషి అహంకారం తన వంతు అని నోరారా ఒప్పుకోవడం ఈ పంక్తుల్లో ఉంది. అంతకు ముందు ఏజాక్స్ గర్వం మీద ఎంత కోపం ఉన్నా, ఇక్కడికి వచ్చేసరికి ప్రేక్షకుడికి ఒక తేడా తెలుస్తుంది. ఏజాక్స్ తన గర్వానికి తానే మూల్యం చెల్లించాడు. వీళ్లు మాట్లాడలేని శవం మీద గర్వపడుతున్నారు.

రంగస్థలం పరంగా మరొక సంగతి. ఆనాడు మాట్లాడే పాత్రలన్నిటినీ ముగ్గురు నటులే పంచుకునేవారు. ఏజాక్స్ వేసిన నటుడే తరువాత ట్యూసర్‌గా వచ్చి ఉంటాడని చాలామంది భావిస్తారు. అదే నిజమైతే, చచ్చిపోయిన అన్న గొంతు తమ్ముడి నోట మళ్లీ వినబడింది, శవాన్ని తానే కాపాడుకుంది. నాటకం విరగలేదనడానికి నాకు ఇది చాలు.

న్యాయదండం:

ఖననం నిరాకరణను మనం క్రూరత్వమని కొట్టిపారేయడానికి ముందు, ఆనాటి ప్రేక్షకుడు దాన్ని ఎలా విన్నాడో ఆలోచించాలి. ఏథెన్సు చట్టం ప్రకారం రాజద్రోహులనూ దేవాలయ దొంగలనూ ఆటికా (ఏథెన్సు నగరమున్న ప్రాంతం) నేలలో పూడ్చడానికి వీల్లేదు. సలామిస్ సముద్ర యుద్ధంలో గ్రీకులను గెలిపించిన థెమిస్టొక్లీస్ అంతటివాడు రాజద్రోహ నేరం మీద ప్రవాసంలో చనిపోతే, బంధువులు అతని ఎముకలను రహస్యంగా తెచ్చి పూడ్చారని చెప్పుకున్నట్టు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. కనుక మెనెలాస్ వాదం గాలిలోంచి వచ్చింది కాదు. మిత్రుడిగా వచ్చి సేనానాయకులను చంపబోయినవాడు ద్రోహి కాకపోతే ఇంకెవరు ద్రోహి అని అడిగే ప్రేక్షకుడు అక్కడ తప్పక ఉండి ఉంటాడు.

అయితే నగరం గడ్డ మీద చోటివ్వకపోవడం ఒకటి, ఎక్కడా పూడ్చనివ్వకుండా సముద్రపక్షులకు వదిలేయడం మరొకటి. అదే ఏథెన్సులో, ఒక మనిషిని అవమానించి ఆనందించడాన్ని ప్రత్యేకమైన నేరంగా పరిగణించేవారు. బాధితుడు బానిస అయినా సరే, ఏ పౌరుడైనా ఆ నేరంపై అభియోగం వేయవచ్చు. తాను గొప్పవాణ్ణన్న భావనలోని సుఖం కోసమే ఇలా అవమానిస్తారని అరిస్టాటిల్ వివరించాడు. ఈ కొలతతో చూస్తే ఏజాక్స్ తన గుడారంలో పశువును ఒడిస్సియస్ అనుకుని కట్టేసి కొరడాతో కొట్టడం ఆ కోవకే చెందుతుంది. మెనెలాస్ శవాన్ని పక్షులకు వేస్తాననడమూ ఆ కోవకే చెందుతుంది. గర్వం ఒకరి గుండెలో ఉన్నంతకాలం అది దేవతల వ్యవహారం. ఇంకొకరి ఒంటి మీదికి వచ్చినప్పుడే అది న్యాయస్థానపు వ్యవహారమవుతుంది.

మెతుకుసీమ:

ఈ చర్చ చదువుతుంటే వాల్మీకి యుద్ధకాండ గుర్తుకు రాక మానదు. రావణుడికి దహనసంస్కారం చేయడానికి విభీషణుడు వెనకాడినప్పుడు రాముడు ‘మరణాంతాని వైరాణి’ అన్నాడు. వైరం చావుతో తీరిపోయింది, మన పని అయిపోయింది, ఇతడు నీకెంతో నాకూ అంతే, సంస్కారం జరిపించు అన్నాడు. ఒడిస్సియస్ ఆగమెమ్నాన్‌తో చెప్పినదీ ఇంచుమించు అదే కదా. ద్వేషించడం ధర్మమైనప్పుడు ద్వేషించాను, చనిపోయిన ఉత్తముణ్ణి, అతడంటే నీకు ద్వేషమే ఉన్నా సరే, హింసించడం న్యాయం కాదు అన్నాడు. వేర్వేరు దేశాల్లో పుట్టిన రెండు కావ్యాలు ఒకే ధర్మానికి రావడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

వేణుమాధవి:

పోలిక చాలా సముచితంగా ఉంది, మెతుకుసీమ గారూ. ఇద్దరి నోటా ఒకే తీర్పు వచ్చినా, ఇద్దరూ నిలబడిన చోటు మాత్రం వేరు. రాముడు గెలిచినవాడు, సందేహం లేనివాడు, ధర్మం తన పక్షాన ఉందని తెలిసినవాడు. అతని మాటలో ఔదార్యం ఉంది. ఒడిస్సియస్ మాటలో తన గురించిన భయం కూడా ఉంది. ఎందుకు ఇతణ్ణి పూడ్చనివ్వాలంటున్నావు అని ఆగమెమ్నాన్ అడిగితే, ‘నేనూ ఒకనాడు ఈ అవసరానికే వస్తాను’ అన్నాడు. ప్రతివాడూ తన కోసమే పాటుపడతాడని ఆగమెమ్నాన్ ఎత్తిపొడిస్తే, నా కోసం కాక ఇంకెవరి కోసం పాటుపడాలి అని నిస్సంకోచంగా జవాబిచ్చాడు. ఇది స్వార్థమని కొందరు విమర్శకులు తీసిపారేశారు. నాకు అలా అనిపించదు. ఆ శవంలో తనను చూసుకోగలిగినవాడే దానికి న్యాయం కోరగలిగాడు. ఒడ్డున నిలబడి మునిగేవాణ్ణి చూడటానికీ, అదే నీటిలో ఈదుతూ చూడటానికీ ఉన్న తేడా ఇది.

ఇంకొక్క మాట. అకిలీస్‌ను మినహాయిస్తే ట్రాయ్‌కు వచ్చిన గ్రీకులందరిలో ఇతడే ఉత్తముడని నేను కాదనలేను అని ఒడిస్సియస్ అక్కడే అన్నాడు. ఆయుధాలు గెలుచుకున్నవాడు, ఆ గెలుపు ఏ లెక్క మీద వచ్చిందో ఆ లెక్కనే తన నోటితో కొట్టివేశాడు. ఏజాక్స్ బతికుండగా ఈ ఒక్క మాట ఎవరన్నా అని ఉంటే కత్తి ఒరలోనే ఉండేదేమో.

గౌతమీతీరం:

వేణుమాధవి గారు చెప్పిన ఆ వాక్యమే అసలు తీర్పు అని నేను భావిస్తాను. న్యాయదండం గారు మొదట అడిగిన ఆయుధాల వివాదాన్ని నాటకం తిరిగి విచారించదు, ఆయుధాలను వెనక్కి ఇప్పించదు. ఓడినవాడి యోగ్యతను గెలిచినవాడు సభలో ఒప్పుకోవడంతో సరిపెడుతుంది. అదే సమయంలో ఏజాక్స్ నేరాన్ని ఒడిస్సియస్ ఎక్కడా మాఫీ చేయలేదు, ద్వేషించానని కూడా దాచలేదు. నేరమూ యోగ్యతా రెండూ ఒకే మనిషిలో నిజమని అంగీకరించడం ఆగమెమ్నాన్‌కు చేతకాలేదు. చివరికి అనుమతి ఇచ్చినప్పుడు కూడా, ఇది నీకు చేస్తున్న ఉపకారం, వాడు ఇక్కడున్నా అక్కడున్నా నాకు శత్రువే అని చెప్పి వెళ్లిపోయాడు.

తుంగభద్ర:

దాని తరువాతి చిన్న దృశ్యాన్ని కూడా చర్చలో చేర్చాలి. ఒడిస్సియస్ ఇంతవరకు ఎంత శత్రువునో ఇప్పుడు అంత మిత్రుణ్ణని చెప్పి, అంత్యక్రియల్లో చేయి వేస్తానన్నాడు. ట్యూసర్ అతణ్ణి మనసారా మెచ్చుకున్నాడు, కాని శవాన్ని తాకనివ్వడానికి వెనకాడాడు, చనిపోయినవాడికి అది నచ్చదేమోనన్నాడు. ఒడిస్సియస్ నొచ్చుకోలేదు, వాదించలేదు. చేయాలనుకున్నాను, మీకు ఇష్టం లేకపోతే మీ మాటను మన్నించి వెళతాను అని తప్పుకున్నాడు. చేసిన మేలుకు ప్రతిగా శవాన్ని తాకే హక్కు కూడా అడగకపోవడం కన్నా పెద్ద వినయం నాకు ఈ నాటకంలో కనబడలేదు.

ట్యూసర్ సంకోచం ఎంత సరైనదో హోమర్ చదివినవారికి తెలుసు. ‘ఒడిస్సీ’లో పాతాళంలో ఒడిస్సియస్ ఏజాక్స్ ఆత్మను చూసి, ఆ పందెం నేను గెలవకపోయినా బాగుండేదని బతిమాలాడు. ఏజాక్స్ ఒక్క మాట కూడా పలకకుండా చీకటిలోకి వెళ్లిపోయాడు. సోఫోక్లీస్ ప్రేక్షకులకు ఆ ఘట్టం కంఠస్థం. కనుక సమాధానపడని ఏజాక్స్‌ను దృష్టిలో ఉంచుకునే వాళ్లు ఈ నాటకాన్ని చూశారు.

వాళ్లకు అతడు కథలోని పాత్ర మాత్రమే కూడా కాదు. ఏథెన్సు సంస్కర్త క్లైస్తనీస్ క్రీ.పూ. 508 ప్రాంతంలో ఆ నగర పౌరులను పది తెగలుగా విభజించినప్పుడు ఒక తెగకు ఏజాక్స్ పేరు పెట్టారు. క్రీ.పూ. 480లో సలామిస్ యుద్ధానికి ముందు గ్రీకులు ఏజాక్స్‌నూ అతని తండ్రినీ సాయానికి పిలిచారనీ, గెలిచాక పట్టుబడిన ఒక ఫినీషియన్ నౌకను అతనికి సమర్పించారనీ చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. తాము మొక్కే వీరుడు పశువుల నెత్తుటిలో కూర్చుని ఏడవడాన్ని ఆ పౌరులు బహిరంగ రంగస్థలం మీద చూశారు. గర్వాన్ని కడిగేసి అతణ్ణి పూజనీయుణ్ణి చేయాలన్న అవసరం వారికి కలగలేదు.

పాతపాఠం:

తెగ పేరు, నౌక సమర్పణ సంగతులు ప్రస్తావించినందుకు సంతోషం. అయినా నా పట్టు ఒకటి మిగిలే ఉంది. ఎథీనా బోధను ఒడిస్సియస్ జాలి కన్నా తక్కువదిగా చూడటానికి నేను సిద్ధంగా లేను. ఒక్క రోజు మనిషిని కూల్చగలదన్న ఆమె మాటనే కాల్కస్ గడువూ నిజం చేసింది, ఒడిస్సియస్ చివరి వాదమూ దానిమీదే నిలబడింది. దేవత చెప్పినది కఠినంగా ఉన్నంత మాత్రాన అది అబద్ధం కాదు. ఏజాక్స్ గొప్పవాడు, అతని పతనానికి అతని మాటలు కారణం. రెండూ నిజమని గౌతమీతీరం గారే అన్నారు కనుక, మొదటిదాన్ని చెప్పేటప్పుడు రెండవదాన్ని మెత్తబరచవద్దని మాత్రమే నా మనవి.

అక్షరదీపం:

పెద్దలందరికీ ధన్యవాదాలు. మెనెలాస్ ‘నా వంతు’ పంక్తిని నేను గమనించకుండా దాటిపోయాను, చివరి భాగాన్ని ఈ దృష్టితో మళ్లీ చదువుతాను. ఒక్క ప్రశ్న మిగిలింది. ఖననం తేలింది సరే, టెక్మెస్సా భవిష్యత్తు ఏమైనట్టు?

వేణుమాధవి:

ఆ ప్రశ్న నన్ను కూడా వదలలేదు, అక్షరదీపం గారూ. శవాన్ని మొదట కనుగొన్నది ఆమె, తన వస్త్రంతో కప్పింది ఆమె. చివరి భాగంలో ఆమె బిడ్డతో తిరిగి వస్తుంది, కాని ఒక్క మాట కూడా మాట్లాడదు. మాట్లాడే నటులు ముగ్గురే కావడం దానికి ఒక కారణం. ట్యూసర్ పసివాణ్ణి తండ్రి శవం పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తనవీ తల్లివీ బిడ్డవీ కత్తిరించిన వెంట్రుకలను చేతికిచ్చి, శరణార్థిగా తండ్రిని పట్టుకుని ఉండమంటాడు. అంటే వీరుడి శవమే ఇప్పుడు ఆ తల్లీబిడ్డలకు ఆశ్రయం, ఆ తల్లీబిడ్డలే శవానికి కాపలా.

ఏజాక్స్ చనిపోయే ముందు చేసిన ఏర్పాట్లను వరుసగా చూడండి. బిడ్డను ట్యూసర్ సలామిస్‌కు చేర్చాలన్నాడు, తాత టెలమాన్‌కూ నాయనమ్మ ఎరిబోయాకూ వృద్ధాప్యంలో వాడు ఆసరా కావాలన్నాడు, డాలు కొడుక్కిచ్చాడు, మిగిలిన ఆయుధాలు తనతో పాటు పూడ్చమన్నాడు. టెక్మెస్సా ఎక్కడ ఉండాలో చెప్పలేదు. ఆ ట్యూసర్‌కు కూడా ఇంట్లో చోటు దొరకలేదు, అన్నను కాపాడలేకపోయావని తండ్రి వెళ్లగొట్టాడని, అతడు సైప్రస్‌కు వెళ్లి అక్కడ మరో సలామిస్‌ను స్థాపించాడని సంప్రదాయం చెబుతుంది. నాటకంలోనే ట్యూసర్ ఆ బహిష్కరణను ముందుగా ఊహించుకుని దుఃఖిస్తాడు.

కాబట్టి ఒడిస్సియస్ సంపాదించిపెట్టిన న్యాయం చనిపోయినవాడి వరకే వచ్చిందని నేనంటాను. ఆమె అడిగినది వేరే న్యాయం, పొందిన మేలుకు బదులు మేలు చేయమన్న న్యాయం. దాన్ని ఇవ్వగలిగినవాడు ఏజాక్స్ ఒక్కడే, అతడు ఇవ్వలేదు. పాతపాఠం గారు అతని గర్వాన్ని మెత్తబరచవద్దన్నారు. దేవత వైపు నుంచి కాకుండా టెక్మెస్సా వైపు నుంచి అయితే నేను ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను.